చైన్ సా కొనేవాళ్లు జాగ్రత్త: 'టక్' మన్నంత మాత్రాన బ్రేక్ ఉన్నట్టు కాదు

ఎడమ భుజానికి 9 కుట్లు పడ్డాయి. ఒక్క చేత్తో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే ఏమనుకోకండి. నల్గొండలో మోటార్లు, స్ప్రేయర్లు, కట్టెలు కోసే మిషన్లు అమ్మే ఆ పెద్ద షాపు మన వైపు రైతులకు చాలామందికి తెలుసు. పేరు రాయను. కానీ అక్కడైనా ఇంకెక్కడైనా చైన్ సా కొనబోతున్నవాళ్లు ఇది చదివాకే పైసలు ఇవ్వండి.

మా బత్తాయి తోట చాలావరకు ఎండిపోయింది. మొన్నటి గాలివానకు బావి దగ్గరి వేపచెట్టు కూడా పడింది. కూలికి కోయించే బదులు మిషనే కొందామని పోయిన సోమవారం వెళ్లి 58 సీసీది, 22 అంగుళాల బార్‌ది 11,500కు తీసుకున్నాను (బార్ అంటే చుట్టూ చైను తిరిగే పొడవాటి రేకు). డబ్బా లేదు. "డిస్‌ప్లే పీసు, అందుకే వెయ్యి తగ్గించిన" అన్నాడు. పక్కా బిల్లు అడిగితే పన్ను పడుతుందని ఒక చీటీ మీద రాసిచ్చాడు. తీసుకుని జేబులో పెట్టుకున్నాను. అక్కడే ఆగి ఉండాల్సింది.

చైన్ బ్రేక్ గురించి మాత్రం గట్టిగానే అడిగాను. ఎందుకంటే మా పక్క ఊళ్లో ఒకాయనకు మిషన్ ఎగిరి దవడ చీరుకుపోయింది. సేటు కౌంటర్ అవతలి నుంచి లేచి వచ్చి, ముందరి హ్యాండిల్‌కు ఎదురుగా ఉండే గార్డును బొటనవేలితో నూకాడు. టక్‌మంది. వెనక్కి లాగాడు. మళ్లీ టక్‌మంది. "విన్నవా తమ్మీ, ఇట్ల కొట్టుకుంటే చైను అక్కడికక్కడే ఆగుతది. నీ చేతికి, మొఖానికి నాది గ్యారంటీ" అన్నాడు. ఆ మాట ఇంకా చెవుల్లో ఉంది.

మూడు రోజులు బాగానే నడిచింది. నాలుగో రోజు పొద్దున వేప మొద్దు కోస్తున్నాను. దాని వెనక ఇంకో దుంగ ఆనుకుని ఉంది, నేను చూసుకోలేదు. అది నా తప్పే. బార్ కొన, అందులోనూ పైభాగం, ఆ దుంగకు తగిలింది. కొన పైభాగం కట్టెకు తగిలితే చైను దాన్ని కరిచి పట్టుకుంటుంది, ఆ విసురుకు మిషన్ మొత్తం మన మీదికే లేస్తుంది. మనం రేస్ వదిలేలోపే అంతా అయిపోతుంది. సరిగ్గా అప్పుడు గార్డు మన మణికట్టుకు తగిలి బ్రేక్ పడాలి. నా మణికట్టుకు గార్డు తగిలింది. టక్‌మన్న చప్పుడు కూడా విన్నాను. చైను మాత్రం ఆగలేదు. భుజం మీదున్న తువ్వాలను లాక్కుని కండలోకి దిగింది. నాలుగు వేళ్లు పక్కకు పడి ఉంటే మెడ. గెట్టు మీద కూర్చున్న మా బాపు పరుగెత్తుకొచ్చి, ఆ చిరిగిన తువ్వాలతోనే కట్టు కట్టాడు.

మర్నాడు చండూరులో తెలిసిన మెకానిక్ దగ్గర పక్క మూత విప్పించాను. లోపల చైనును తిప్పే క్లచ్ డ్రమ్ము చుట్టూ ఉక్కు పట్టీ ఉండాలి, గార్డు నూకితే అదే బిగుసుకుని చైనును ఆపుతుంది. నా మిషన్‌లో వేలెడు ముక్క మిగిలింది. తెగిన చోట తుప్పు పట్టి ఉంది. నాలుగు రోజుల్లో తెగిందైతే ఆ తుప్పు ఎక్కడిది? మూత స్క్రూల తలలు కూడా అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. "అన్నా, ఇది ఎవరో వాడి ఇచ్చిన మిషన్. పట్టీ లేకున్నా స్ప్రింగు టక్‌మంటనే ఉంటది" అన్నాడు మెకానిక్.

కట్టుతోనే షాపుకు వెళ్లాను. ఆ తుప్పు ముక్క కౌంటర్ మీద పెట్టాను. సేటు దాన్ని చూడనే లేదు, ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. పది మంది రైతులున్నారు, వాళ్ల ముందే, "కొయ్యరానోనికి మిషన్ ఎందుకయ్యా? గొడ్డలి పట్టుకోపో" అన్నాడు. నన్ను తమ్మీ అని పిలిచి గ్యారంటీ ఇచ్చిన మనిషే. దెబ్బ కన్నా ఆ మాటే ఎక్కువ మండుతోంది. చీటీ చూపిస్తే, "ఇండ్ల మా షాపు పేరు ఏడున్నది?" అన్నాడు. నిజంగానే లేదు.

ఫోన్‌పేలో కట్టిన రికార్డు ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. డబ్బు తిరిగి ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయొచ్చు.

కొనేవాళ్లకు ఒక్క మాట. చప్పుడు నమ్మకండి. ఇంజను ఆపి, గ్లౌజులు వేసుకుని, గార్డు ముందుకు నూకి చైనును చేత్తో లాగండి. కదలకూడదు. గార్డు వెనక్కి లాగితే సులువుగా తిరగాలి. తర్వాత స్టార్ట్ చేయించి, రేస్ ఇస్తూ గార్డు నూకమనండి, చైను వెంటనే ఆగాలి. రేస్ వదిలాక చైను తిరుగుతూనే ఉంటే తీసుకోకండి. బిల్లు మీద మిషన్ నంబరు రాయించుకోండి. కోసేటప్పుడు మెడలో తువ్వాల ఉంచుకోకండి.

ఈ మధ్య ఆ షాపులో డబ్బా లేకుండా మిషన్ తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, రేపు పొద్దున కట్టె మీద పెట్టకముందే ఒకసారి చైను లాగి చూసుకోండి.