ఆడి మాసంలో శ్రావణ ముహూర్తం: వడపళని కల్యాణ మండపం గురించి

2025 శ్రావణంలో మా అమ్మాయి పెళ్లి చెన్నై వడపళనిలో, ఆర్కాట్ రోడ్డుకు లోపలి వీధిలో ఉన్న ఒక కల్యాణ మండపంలో చేశాం. మండపం ఎలా ఉందని తెలిసినవారు చాలామంది అడుగుతున్నారు. బాగుంది. రాత్రి ముహూర్తం పెట్టుకునే తెలుగువాళ్లకు మరీ బాగుంటుంది. కొన్ని విషయాల్లో ఇబ్బందీ పడ్డాం. చెన్నైలో మండపాలన్నీ తమిళ పెళ్లి నడిచే తీరుకు అమర్చినవి. అందులో మన పెళ్లి ఇముడుతుందా లేదా అన్నదే నేను ముందు చూసుకున్నాను. షాండ్లియర్లు, రంగుదీపాలు ఆ తర్వాతే.

అద్దె సంగతి ముందు చెబుతాను. తమిళులది సౌరమానం, మనది చాంద్రమానం. 2025లో వారి ఆడి మాసం జులై 17న మొదలై ఆగస్టు 16 దాకా నడిచింది. మన శ్రావణం జులై 25నే వచ్చేసింది. అంటే మూడు వారాలకు పైగా మనకు పెళ్లిళ్ల రోజులు, వారికి పెళ్లి మాటే ఎత్తని రోజులు. మేనేజరుగారు "ఆడిలో పెళ్లా అమ్మా?" అని ఆశ్చర్యపోయారు. మన పంచాంగం సంగతి చెప్పాక డైరీ తెరిచి చూపించారు. ఆ పేజీలన్నీ ఖాళీ. మిగతా నెలల్లో నాలుగు లక్షలు చెప్పే హాలు మాకు మూడు లక్షలకు ఇచ్చారు. దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే మరో 54 వేలు. చెన్నైలో ఉండే మనవాళ్లు ఆడపిల్ల పెళ్లి తలపెట్టగానే ఈ శ్రావణం, ఆడి కలిసే రోజులు చూసుకుంటే ఎంతో మిగులుతుంది. 2026లో మాత్రం అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి శ్రావణం ఆగస్టు 13న గాని మొదలు కాదు. ఆ ఏడు ఈ వెసులుబాటు నాలుగు రోజులకు మించి ఉండదు.

ఆడిలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి మండపాల వాళ్లు సున్నాలు, రంగులు, ఏసీల మరమ్మతులు ఆ నెలలోనే పెట్టుకుంటారు. ఇది మాకు ఎవరూ చెప్పలేదు. మేము దిగేసరికి మేడమీది విడిది గదుల్లో రెండింటికి రంగు ఇంకా ఆరలేదు, ఆ వాసనకు మా వియ్యపురాలుగారికి తలనొప్పి వచ్చింది. ఇంకో గదిలో ఏసీ విప్పి మూల పెట్టేశారు. మగపెళ్లివారి విడిదిలో ఇలా జరగడం ఆడపిల్ల తల్లిగా నాకు ఎంత బాధ కలిగించిందో చెప్పలేను. వదినగారు మంచి మనిషి, "గది మారిస్తే సరిపోతుంది వదినగారూ, మీరు కంగారు పడకండి" అన్నారు. మేనేజరుగారు కింద ఉన్న గదులు తెరిపించారు సరే, బుకింగ్ నాడే ఆ మాట చెప్పి ఉండవలసింది. ఆ నెలలో మండపం తీసుకునేవారు పెళ్లికి వారం ముందునుంచి మండపంలో ఏ మరమ్మతు పనీ పెట్టుకోబోమని వాళ్లచేత రసీదు మీద రాయించుకోండి.

ఇక వేళల సంగతి. ఇక్కడ మండపం మధ్యాహ్నం మూడు నుంచి మర్నాడు మధ్యాహ్నం మూడు దాకా ఇస్తారు. తమిళులు మొదటి రోజు సాయంత్రం రిసెప్షన్ పెట్టుకుని, మర్నాడు పొద్దున తాళి కట్టిస్తారు. దానికి సరిపోయేలా చేసిన లెక్క ఇది. తాళి పడకముందే అమ్మాయిని, అబ్బాయిని పక్కపక్కన కూర్చోబెట్టి రిసెప్షన్ చేయడానికి మా అత్తగారు ససేమిరా ఒప్పుకోరు. పగటి ముహూర్తమైతే మొదటి సాయంత్రపు అద్దె దండగే. మాది రాత్రి 9 గంటల 40 నిమిషాల ముహూర్తం కావడంతో ప్రతి గంటా ఉపయోగపడింది. విజయవాడ నుంచి పినాకిని రైలులో వచ్చిన బంధువులు మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగి, అక్కడే మెట్రో ఎక్కి నేరుగా వడపళని చేరారు. గది తాళాలు చేతికొచ్చే వేళకు సరిగ్గా అందుకున్నారు. సాయంత్రం ఎదురుకోలు, గౌరీపూజ, విందు. రాత్రి పెళ్లి. మర్నాడు అప్పగింతలు, భోజనాలు.

మేనేజరుగారికి ఒక విషయం విడమరచి చెప్పవలసి వచ్చింది. ముహూర్తం 9.40 అంటే, ఆ వేళకు తాళి కట్టేస్తారని, పదింటికల్లా మేళం ఆగిపోతుందని ఆయన అనుకున్నారు. తమిళ పెళ్లిలో ముహూర్తమంటే మాంగల్యధారణే. మనకు సుముహూర్తం జీలకర్ర బెల్లానిది. ఆ తర్వాత తెర తీసి, మిగతా మంత్రాలు అయ్యి, మంగళసూత్రం కట్టేసరికి ఇంకో గంటైనా పడుతుంది. గట్టిమేళం మోగవలసింది పది దాటాకే. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చినవి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకులు, వాయిద్యాలు కుదరవు. నాలుగు గోడల మధ్య తలుపులు మూసిన హాలులో, శబ్దం లోపలే ఉండేలా అయితే మినహాయింపు ఉంది. ఈ మండపం పూర్తిగా మూసిన ఏసీ హాలు కావడంతో నాదస్వరం, డోలు మాకు తాళి కట్టేవరకూ మోగాయి. బయట వరండాలో ఉన్న స్పీకర్లు మాత్రం తొమ్మిదిన్నరకే తీయించేశారు, అది మంచిదే. పక్కలు తెరిచి ఉండే మండపాలు, పచ్చిక బయళ్లు మాకు చూపించినవాళ్లూ ఉన్నారు. పగలైతే ముచ్చటగా ఉంటాయి. రాత్రి ముహూర్తానికి అవి పనికిరావు.

వేదిక గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఈ మండపాన్ని నేను ఎంచుకున్నది దానికోసమే. మనలో పెళ్లికూతురిని మేనమామలు గంపలో కూర్చోబెట్టి ఎత్తుకొస్తారు. మేము చూసిన హాళ్లలో చాలావాటికి వేదిక ఎక్కే మెట్లు ఒక పక్కన, ఒక్క మనిషి ఎక్కేంత సన్నంగా ఉన్నాయి. గంప ఒకరు ముందు, ఒకరు వెనక పట్టుకుని, పట్టుచీర అంచు తొక్కకుండా, ఆ మెట్లమీద మలుపు తిరగడం ఎవరి తరం? ఇక్కడ ముందువైపు నడిమధ్యన వెడల్పాటి మెట్లున్నాయి, ఎత్తు తక్కువ. మా ఇద్దరు తమ్ముళ్లూ పక్కపక్కన నడుస్తూ, గంపను వంచకుండా, కొబ్బరిబొండం పట్టుకుని కూర్చున్న పిల్లను పీటల దాకా తీసుకొచ్చి దించారు. ఫొటోలో ముగ్గురి ముఖాలూ నవ్వుతూ ఉన్నాయి. వేదిక మీద బిగించి ఉంచే చెక్క సింహాసనాన్ని అడగగానే తీయించారు. మన వధూవరులు తెరకు అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చోవాలి కదా, అది ఉంటే తెర పట్టేవాళ్లకు చోటు చాలదు. హోమగుండం పైన పొగ లాగే ఫ్యాను ఉంది. పురోహితులవారు కళ్లు తుడుచుకోకుండా లాజహోమం చేయించిన పెళ్లి ఈ మధ్య ఇదొక్కటే చూశానని మా పెద్దమ్మ అంది.

అరుంధతి దర్శనానికి మేడమీదికి వెళ్లబోతే డాబా తలుపుకు తాళం. కాపలాదారు వెతికి తాళంచెవి తెచ్చేవరకు కొత్త దంపతులు మెట్లమీద నిలబడవలసి వచ్చింది. శ్రావణంలో ఆ వేళకు సప్తర్షులు వాయవ్యాన బాగా కిందికి దిగి ఉంటారు. ఆ దిక్కున పక్క అపార్టుమెంటు అడ్డం వచ్చింది. పైగా మబ్బు. పురోహితులవారు దిక్కు చూపించి మంత్రం చెప్పించారు. తలుపు తీసి ఉంచమని ముందే చెప్పినా మరిచిపోయారు, ఇందుకు వారికి మార్కులు తగ్గిస్తాను.

వంటగదికి మాత్రం నిండు మార్కులు. చెన్నైలో చాలా మండపాలు తమ జాబితాలోని క్యాటరర్‌నే పెట్టుకోమంటాయి. ఇక్కడ ఆ షరతు లేదు. నెల్లూరు నుంచి మా వంటవాళ్లనే రప్పించుకున్నాం. రెండు పెద్ద రాతి గ్రైండర్లు, గచ్చు కడిగితే నీళ్లు నిలవని వాలు, కూరలు తరగడానికి గాలి తగిలే విడి వరండా ఉన్నాయి. గారెల పిండి, పూర్ణం పప్పు అక్కడే రుబ్బారు. కట్టెల పొయ్యి ఒప్పుకోరు, గ్యాసు సిలిండర్లు మనమే తెచ్చుకోవాలి. భోజనాల హాలు నేలమట్టానికి కాస్త ఎత్తులో ఉంది. చెన్నైలో ఇది చిన్న విషయం కాదు. కార్తీకంలో మన ముహూర్తాలు ఈశాన్య రుతుపవనాల నడుమ పడతాయి, సెల్లారులో భోజనాలు పెట్టే మండపంలో ఒక గట్టి వాన వస్తే బంతి లేవవలసిందే. ఇక్కడ బంతికి రెండువందల మంది కూర్చుంటారు. వడ్డించే కుర్రాళ్లు ఇక్కడివాళ్లు కావడంతో ఆకు వేయగానే సాంబారు పట్టుకొచ్చేవారు. మా బాబాయి పంక్తి మొదట నిలబడి, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ అయ్యాకే తక్కినవి అని నేర్పించారు. రెండో బంతికి వాళ్లకు వచ్చేసింది. మా వారి ఆఫీసు తమిళ మిత్రులు గోంగూర పచ్చడి రెండోసారి అడిగి వేయించుకున్నారు.

కరెంటు మీటరు లెక్కన, జనరేటరు గంటల లెక్కన, శుభ్రత ఛార్జి విడిగా. దిగేటప్పుడు మీటరు ఫొటో తీసుకున్నాం, వెళ్లేటప్పుడు మళ్లీ తీసుకున్నాం, తేడా రాలేదు. పాత్రలు లెక్కబెట్టి తీసుకుని లెక్కబెట్టి అప్పగించాలి. ఒక గరిటె తగ్గితే దాని ఖరీదు పట్టుకున్నారు, అది న్యాయమే. రసీదు మీద వధూవరుల పేర్లు, పెళ్లి తేదీ రాయించుకోండి. తమిళనాడులో 2009 చట్టం ప్రకారం 90 రోజుల్లో వివాహం నమోదు చేయించాలి, శుభలేఖతో పాటు ఆ రసీదు కూడా దగ్గర ఉంటే మంచిది.

కార్లు పెట్టుకోవడానికి చోటు తక్కువ. ఆర్కాట్ రోడ్డులో మెట్రో రెండో దశ పనులతో దారి ఇరుకైంది. ఆడి కావడంతో వీధి మొదట్లోని అమ్మవారి గుడికి పందిరి వేశారు, పెళ్లికొడుకు కారు అక్కడ చాలాసేపు ఆగిపోయింది. ఆడిలో ఆదివారం పెట్టుకోకపోవడం మేలు. అమ్మవారి గుళ్లలో అంబలి పోసేది ఆ రోజుల్లోనే, వీధంతా జనం ఉంటారు. పూలకు మాత్రం కోయంబేడు మార్కెట్ దగ్గరే, తెల్లవారుజామున వెళ్లి మల్లెలు, తలంబ్రాల వేళకు గులాబీ రేకలు తెచ్చుకున్నాం.

నాలుగువందల నుంచి ఆరువందల మంది వచ్చే పెళ్లికి ఈ హాలు సరిగ్గా సరిపోతుంది. అంతకు మించితే భోజనాల దగ్గర తొక్కిసలాట అవుతుంది. మండపం చూడటానికి పగలు రమ్మంటారు, అప్పుడు హాలు ఖాళీగా, చల్లగా ఉంటుంది. ఏదో ఒక పెళ్లి జరుగుతున్న సాయంత్రం ఏడు దాటాక రానిస్తారేమో అడగండి. మమ్మల్ని రానిచ్చారు. వంటగది, లిఫ్టు ముందు వరుస, చేతులు కడుక్కునే చోటు ఆ వేళలోనే చూడాలి.