పరాయి దేశాల వాళ్లతో పని: కోర్సు మేలా, పోస్టింగా, ఉన్నచోటి నుంచే నేర్చుకోవడమా?

వేరే దేశాల వాళ్లతో కలిసి పనిచేయడం, వాళ్లతో బేరం కుదుర్చుకోవడం, టీమ్‌ని నడిపించడం ఎలా నేర్చుకోవాలి? అడిగితే మూడు దారులు చెబుతారు. ఒకటి అంతర్జాతీయ ఎంబీఏ. రెండోది కంపెనీ తరఫున రెండు మూడేళ్లు పరాయి దేశంలో ఉద్యోగం, అంటే పోస్టింగ్. మూడోది ఎక్కడికీ కదలకుండా నాలుగైదు దేశాల టీమ్‌తో వీడియో కాల్స్‌లోనే పని. నాకు బాగా తెలిసింది మూడోదే. దెబ్బ తిన్నదీ అక్కడే.

ఒకసారి జపాన్ క్లయింట్‌కి కొత్త షెడ్యూలు చూపించాం. టెస్టింగ్‌కి వాళ్లకిచ్చిన గడువులో రెండు వారాలు కోసేశాం. అవతలి మేనేజర్ తెర వైపు కాసేపు చూసి, పళ్ల సందుల్లోంచి స్‌స్‌మని గాలి లోపలికి పీల్చి, "ముజుకషీ దెసు నే" అన్నాడు. "కొంచెం కష్టం అంటున్నారు" అని చెప్పింది ఇంటర్‌ప్రెటర్. కష్టమైనా చేస్తారన్నమాట అనుకుని మినిట్స్‌లో, అంటే మీటింగ్‌లో ఏం తేలిందో రాసిపెట్టే నోట్‌లో, "అంగీకరించారు" అని రాసేశాను. నాలుగు రోజులు అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. నాకు టెన్షన్ మొదలైంది. మా టీమ్‌లోనే ఉన్న జపాన్ సహోద్యోగిని అడిగితే, ఆ సందర్భంలో ఆ మాటకు కుదరదనే అర్థం, గాలి పీల్చినప్పుడే విషయం తేలిపోయింది అన్నాడు. మరి అప్పుడే చెప్పొచ్చు కదా అన్నాను. "అందరి ముందూ మిమ్మల్ని ఎలా సరిదిద్దను?" అన్నాడు. ఒకే తప్పులో రెండు పాఠాలు!

క్లాసులో అయితే ఈ సంగతి అరగంటలో చెప్పేస్తారు. కొన్ని సమాజాల్లో విషయమంతా మాటల్లోనే ఉంటుందని, మరికొన్నింట్లో సగం మాటల బయటే ఉంటుందని అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1970ల్లోనే వివరించాడు. కోర్సు వల్ల పెద్ద లాభం ఇదే: మనకు తగిలిన దెబ్బకు ఒక పేరు దొరుకుతుంది. అవతలివాడు మొండివాడేమో, మోసగాడేమో అనుకునే ముందు ఒక్క క్షణం ఆగుతాం.

చిక్కు కూడా అక్కడే ఉంది. డచ్ పరిశోధకుడు హాఫ్‌స్టెడ్ 1967–73 మధ్య ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన లక్షకు పైగా సర్వే పత్రాలతో దేశాల సంస్కృతులకు మార్కులు వేశాడు. పై అధికారికి ఎదురు చెప్పడం ఏ దేశంలో ఎంత కష్టం అన్నట్టు. ఆ అంకెలు ఇప్పటికీ కోర్సుల్లో తిరుగుతూనే ఉన్నాయి. ఒక్క కంపెనీ ఉద్యోగుల్ని చూసి దేశం మొత్తానికి మార్కులేంటి అన్న విమర్శా అంత పాతదే. ఆ పట్టిక బట్టీపట్టినవాళ్లు ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి అతని దేశంతో మాట్లాడటం నేను చూశాను. ఫ్రాన్స్‌లో 1957లో మొదలైన ఇన్సియాడ్ లాంటి బిజినెస్ స్కూళ్లలో ఒకే గ్రూపులో రకరకాల దేశాల వాళ్లను కలుపుతారు, అది నిజంగా మంచి పని. కాకపోతే అక్కడికి వచ్చేవాళ్లంతా ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు, ఒకే రకం ఉద్యోగాల కోసం పోటీపడేవాళ్లు. పాస్‌పోర్టులు వేరైనా మనుషులు చాలావరకు ఒకే అచ్చు.

పోస్టింగ్ సంగతికొస్తే, వెళ్లడం ఒక్కటే కాదు, ఏ హోదాలో వెళ్తామన్నది ముఖ్యం. బాస్‌గా వెళ్తే మన తప్పు మనకు చెప్పేవాడు ఉండడు. అందులోనూ పైవాడికి ఎదురు చెప్పని చోటయితే మూడేళ్లూ తలలూపే మనుషుల మధ్యే గడిచిపోతుంది. అమెరికా సూపర్‌మార్కెట్ కంపెనీ వాల్‌మార్ట్ 1997లో జర్మనీలో అడుగుపెట్టి 2006లో బయటపడింది, సుమారు వంద కోట్ల డాలర్లు నష్టపోయి. తలుపు దగ్గర నవ్వుతూ పలకరించే పద్ధతి కొనేవాళ్లకు ఎబ్బెట్టుగా తోచింది, తమ చేత నినాదాలు చేయించడం సిబ్బందికి నచ్చలేదు. అక్కడి చవక దుకాణాలు ఆల్డి, లిడ్ల్ అప్పటికే అంతకన్నా తక్కువ ధరకు అమ్ముతుండటమూ ఒక కారణం, మొత్తం నేరం సంస్కృతి మీదే వేయకూడదు. అయినా అంత పెద్ద కంపెనీ అమెరికా నుంచి బాస్‌లను పంపి కూడా ఈ చిన్న విషయాలు ముందే పట్టుకోలేకపోయింది.

దీనికి పూర్తి విరుద్ధం శాంసంగ్ 1990లో మొదలుపెట్టిన పద్ధతి. ఎంపిక చేసిన ఉద్యోగిని ఏడాది పాటు ఒక దేశానికి పంపుతారు. అక్కడ ఆఫీసు పనేమీ ఉండదు. భాష నేర్చుకోవాలి, ఊళ్లు తిరగాలి, మనుషుల్ని పరిచయం చేసుకోవాలి. జీతమిచ్చి తిప్పడమేంటని ఎవరైనా నొసలు చిట్లించొచ్చు గానీ, పెత్తనం చేతిలో లేనివాడికే జనం మనసులో మాట చెబుతారు.

నన్నడిగితే, ఇరవైల్లో ఉన్నవాళ్లు ముందు కలగలుపు టీమ్‌లో రెండేళ్లు పనిచేయాలి. అవకాశం వస్తే ఆ దేశపు మనిషి కింద పనిచేసే పోస్టింగే తీసుకోవాలి, జీతం కాస్త తగ్గినా సరే. కోర్సు ఆ తర్వాతే. దెబ్బ తిన్నాక క్లాసులో కూర్చుంటే ప్రతి మాటా ఎక్కడో తగులుతుంది. విదేశంలో ఉద్యోగం కోసమే ఎంబీఏ అంటే అది వేరే లెక్క, దాన్ని నేర్చుకోవడంతో కలపొద్దు.

ఉన్నచోటి నుంచే పనిచేయక తప్పనివాళ్లకు లోటు ఒకటే: మీటింగ్ అయ్యాక కాఫీ తాగుతూ "అసలు ఆయన ఏమన్నాడు?" అని అడిగే వీలుండదు. నేను దానికి వేరే ఏర్పాటు చేసుకున్నాను. ఇప్పుడు కాల్ నడుస్తుండగానే ఆ జపాన్ సహోద్యోగి నాకు విడిగా చాట్‌లో ఒక్క ముక్క పెడతాడు: "ఒప్పుకోలేదు." మినిట్స్ అది చూశాకే రాస్తాను.