నిద్రలో ఉన్న హార్డ్ డిస్కును ఎవరు లేపారు? హోమ్ సర్వర్‌తో మూడేళ్లు

మా ఇంటి లైనక్స్ సర్వర్‌లో సిస్టమ్ అంతా ఎస్‌ఎస్‌డీ మీదే ఉంటుంది. పక్కనున్న రెండు పెద్ద హార్డ్ డిస్కుల్లో ఫొటోలు, బ్యాకప్‌లు. వాటితో రోజులో చాలాసేపు పనే ఉండదు. డిస్కు సెట్టింగులు మార్చే హెచ్‌డీపార్మ్‌లో 120 అని పెట్టాను (ఒక్కోటీ 5 సెకన్లు), అంటే 10 నిమిషాలు కదలిక లేకపోతే మోటారు ఆగిపోవాలి. ఆగుతుంది కూడా. ఆ విషయంలో నాకు ఏ కంప్లయింటూ లేదు.

నా కోపమంతా వాటిని లేపేవాటి మీద. కొన్ని రోజులు ఉదయం ఆరు, ఏడు మధ్య రెండు డిస్కులూ గుర్రుమని లేచేవి. ఫోన్ల బ్యాకప్ రాత్రే అయిపోయేది, ఇంట్లో ఎవరూ లేచి ఉండరు. మర్నాడు ఏమీ ఉండదు, మళ్లీ కొన్నాళ్లకు అదే శబ్దం. డిస్క్ పోతోందేమోనని టెన్షన్ పడ్డాను. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టు బాగానే ఉంది. ఫైళ్ల పేర్ల జాబితా తయారుచేసే అప్‌డేట్‌డీబీని అనుమానించి, ఆ ఫోల్డర్ల జోలికి పోకుండా చేశాను. అయినా లేచాయి.

చివరికి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు చేసే ఆప్ట్ హిస్టరీ లాగ్‌లో దొరికింది. అవి లేచిన ప్రతి రోజూ కొత్త కెర్నెల్ (లైనక్స్‌కు గుండెలాంటి భాగం) వచ్చి ఉంది. కెర్నెల్ మారితే, గ్రబ్ అనే బూట్ మెనూను మళ్లీ తయారుచేసే అప్‌డేట్-గ్రబ్ నడుస్తుంది, అది ఓఎస్-ప్రోబర్‌ని పిలుస్తుంది, అది ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఉందేమోనని ప్రతి పార్టిషన్‌నూ తెరిచి చూస్తుంది. నా డిస్కుల్లో ఫొటోలు తప్ప ఏమీ లేవని పోయినసారే చూసింది కదా! మళ్లీ రెండు మోటార్లు తిప్పడం ఎందుకు?

గ్రబ్ సెట్టింగుల ఫైల్లో ఓఎస్-ప్రోబర్‌ని ఆపే ఒక్క లైను రాశాను. ఆ శబ్దం మళ్లీ వినలేదు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఓఎస్-ప్రోబర్‌ని మొదటి నుంచే ఆపి ఉంచుతున్నారు. నాది అంతకుముందు వెర్షన్.

డిస్కుల ఆరోగ్యాన్ని గమనించే స్మార్ట్‌డీకి స్టాండ్‌బై ఆప్షన్ ఇచ్చినప్పుడు, నిద్రలో ఉన్న డిస్కును ముట్టుకోదని చాలా సంతోషించాను. కానీ రోజుల తరబడి పడుకునే డిస్కు ఆరోగ్యం మరి ఎవరు చూస్తారు? అందుకే పక్కన 48 చేర్చాను. అరగంటకోసారి చేసే పరీక్షను 48 సార్లు వదిలేశాక, ఒకసారి లేపి చూస్తుంది. ఆ లేపడానికి కారణం ఉంది, ఒప్పుకుంటాను.

నా మెషిన్‌లో ఒకటే ఓఎస్ కాబట్టి ఇది సరిపోయింది. మా అన్నయ్య ల్యాప్‌టాప్‌లో విండోస్ కూడా ఉంది. అక్కడ ఓఎస్-ప్రోబర్‌ని ఆపితే బూట్ మెనూలోంచి విండోస్ పోతుంది, అందుకని దాన్ని ముట్టుకోలేదు.