అమ్మ నడుముకి టియాగోనా, వ్యాగన్ ఆరా?

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి టీ కొట్టు దగ్గర "కారు మార్చావట, ఎలా ఉంది?" అని అడిగిన వాళ్లందరికీ విడివిడిగా చెప్పి నోరు నొప్పెట్టింది. అందుకే ఒకేసారి రాసేస్తున్నాను. మైలేజీ, రీసేలు సంగతులు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేను కారు మార్చింది ఒక్క కుదుపుల బాధకి.

పాత కారు పేరెందుకులెండి. ఆరేళ్లలో ఇంజన్ ఒక్క పూట మొరాయించలేదు. కాకపోతే మా ఊరు హిరమండలం అవతల. అలికాం–బత్తిలి రోడ్డు మీద వానాకాలం వెళ్లాక తిరిగిన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పోయిన సంక్రాంతికి వెనక సీట్లోంచి దిగుతూ మా అమ్మ "ఒల్లు గుల్లయిపోనాదిరా, ఇకనించి నాను బస్సుకొస్తాను" అంది. కారు పెట్టుకుని తల్లిని బస్సెక్కించే కొడుకు అనే పేరు నాకొద్దు.

టెస్ట్ డ్రైవుల్ని నమ్మలేదు. హైవే ఎక్కించి చిలకపాలెం వైపు ఒక చుట్టు తిప్పి తెచ్చేస్తారు. ఆ రోడ్డు మీద ఏ కారైనా మెత్తగానే ఉంటుంది. బావమరిది వ్యాగన్ ఆర్ ఒక ఆదివారం, ఆఫీసులో స్నేహితుడి టియాగో ఇంకో ఆదివారం అడిగి తీసుకుని, అమ్మని వెనక కూర్చోబెట్టి అదే రోడ్డు మీద ఊరికి వెళ్లొచ్చాను.

వ్యాగన్ ఆర్ ఎక్కడానికీ దిగడానికీ హాయి. ఎత్తు 1675 మిల్లీమీటర్లు, సీటు కూడా కుర్చీ ఎత్తులో ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మ పక్కకి తిరిగి కూర్చుని కాళ్లు లోపల పెట్టుకుంది, అంతే. టౌన్లో స్పీడ్ బ్రేకర్ల మీద కూడా బాగానే పోయింది. తేలికైన, ఎత్తైన బండి కదా, వరుస గుంతలొచ్చేసరికి మాత్రం అటూ ఇటూ తూగింది. అమ్మ పైనున్న పిడి వదల్లేదు.

టియాగో దాదాపు వంద కిలోలు ఎక్కువ బరువు. అదే గుంతల్లో దడ్‌మని కొట్టకుండా దబ్‌మని దిగి లేచింది, ఊగడం ఒక్కసారితో ఆగిపోయింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మూడు సిలిండర్ల ఇంజన్ వణుకు కాళ్లకి తెలుస్తుంది, అది ఒప్పుకోవాలి. సీటు కూడా కిందకి ఉంటుంది. కానీ ఎక్కడం దిగడం రెండు నిమిషాల పని, కూర్చోవాల్సింది గంటన్నర. నేను నడుం వైపే మొగ్గాను.

నా లెక్కలో అసలు తేడా కారు పేరులో కన్నా టైరులో ఉంది. టైరు పక్కన 175/65 ఆర్14 అని ఉంటుంది చూడండి. 175 మిల్లీమీటర్లు వెడల్పు, అందులో 65 శాతం టైరు గోడ ఎత్తు, అంటే దాదాపు 114 మిల్లీమీటర్లు. చివరి 14 అంటే రిమ్ము అంగుళాలు. టియాగోలోనే 15 అంగుళాల చక్రాలున్న పై మోడల్‌కి 175/60 వస్తుంది. గోడ 105కి పడిపోతుంది. గుంతలో ముందు నొక్కుకునేది ఆ రబ్బరూ, అందులో గాలీ. అది సన్నబడితే దెబ్బ నేరుగా రిమ్ముకీ, అక్కణ్నించి నడుముకీ. సోకు అల్లాయ్ చక్రాల కోసం ఎక్కువ డబ్బిచ్చి మరీ కుదుపులు కొనుక్కుంటున్నామన్నమాట. నేను టియాగోలో 14 అంగుళాలదే తీసుకున్నాను. మా అబ్బాయి రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు.

గాలి సంగతీ ఇంతే. పంక్చర్ షాపులో వద్దన్నా 40 పాయింట్లు కొట్టేస్తారు, "లాంగ్ వెళ్తారు కదా సార్" అంటారు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఎంతుందో అంతే కొట్టించండి, అదీ టైర్లు చల్లగా ఉన్నప్పుడు. పాత కారుకి నేనీ పని ముందే చేసుంటే అమ్మ తిట్లు సగం తగ్గేవేమో.

హ్యుందాయ్ గ్రాండ్ ఐ10 నియోస్ అడిగేవాళ్లకి: ఇంజన్ నాలుగు సిలిండర్లది, నున్నగా ఉంటుంది, వ్యవహారం ఎక్కువగా టౌన్లోనే అయితే తీసుకోండి. అందులోనూ 165/70 ఆర్14 ఉన్నదే చూడండి. ఆల్టో కే10 ఒక్కరికో ఇద్దరికో సరిపోతుంది, వెనక పెద్దవాళ్లుంటే వద్దు. సిట్రోయెన్ సీ3 ఒక్కటీ నన్ను ఊరించింది. 195/65 ఆర్15 టైర్లు, ముందు వెనక చక్రాల మధ్య దూరం (వీల్‌బేసు) 2540 మిల్లీమీటర్లు. మెత్తదనమే చూస్తే వీటన్నిటికీ పైనే. కానీ సర్వీసుకి ప్రతిసారీ విశాఖ పరిగెత్తే ఓపిక నాకు లేదు. మీకుంటే నా మాట వినకండి.

మొన్న దసరాకి ఊరెళ్లాం. కొత్తూరు రోడ్డులో అమ్మ పిడి పట్టుకోలేదు, మనవడికి జంతికలు అందిస్తూ కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం తలుపు పట్టుకుని లేస్తూ "నూతిలోంచి పైకొచ్చినట్టుందిరా" అంది.