రాత్రి రెండింటికి జవాబిచ్చేదెవరో అడక్కుండా డబ్బు కట్టకండి

అమలాపురం, భీమవరం వైపు రొయ్యల రైతుల ఫోన్లకి, మనసు కుదుటపడేలా రోజూ మెసేజ్‌లు పంపుతామంటూ ఒక సర్వీసు ప్రకటన తిరుగుతోంది. కట్టి మోసపోయినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

మా బావగారిది ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువు. రొయ్యలకి తెల్లమచ్చ రోగం తగిలి, కౌంటు (అమ్మే సైజు) రాకముందే పట్టేయాల్సి వచ్చింది. అప్పుచేసి మళ్ళీ రొయ్యపిల్ల వేశారు గానీ నిద్ర లేదు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే "నాకేం పిచ్చా?" అంటారు. మెసేజ్‌లైతే చదువుతారు కదా అని మూడు నెలలకి 899 కట్టాను.

గట్టు మీద ఆయన వాడేది బటన్ ఫోన్. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషైతే 160 అక్షరాలు పడతాయి, తెలుగైతే 70. గుణింతాలూ పొల్లులూ అందులో లెక్కే. వీళ్ళు ఆ సంగతి పట్టించుకోకుండా మెసేజ్‌ని ముక్కలు చేసి వదిలారు. మొదటి ముక్క "మీరు ఒంటరివారు" దగ్గర ఆగింది. "కారు" అన్నది పావుగంట తర్వాత విడిగా వచ్చింది. "ఎవరి కారురా ఇది?" అన్నారు బావగారు. అప్పుడు నవ్వాను. ఆ పావుగంట ఆయన ఏమనుకుని ఉంటారో తర్వాత తట్టింది.

అసలు దెబ్బ వేరే. ఓ రాత్రి రెండింటికి కరెంటు పోయి, నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగాయి, జనరేటర్ మొరాయించింది. "ఇంక నా వల్ల కాదు" అని పంపారు. వచ్చిన జవాబు: "చాలా బాగుంది! మీ మూడ్ నమోదైంది. ఉదయం 8కి కలుద్దాం." 1966 నాటి ఎలైజా అనే మాట్లాడే కంప్యూటర్ ప్రోగ్రాం కూడా మాటలు పట్టుకుని జవాబిచ్చేదే, కానీ అదైనా ఎదురు ప్రశ్న వేసేది.

ఫోన్ చేసి అడిగితే "మాది వైద్యసేవ కాదు, నిబంధనల్లో రాశాం" అన్నారు. స్టాప్ అని పంపినా మెసేజ్‌లు ఆగలేదు. ఆటోపే నేనే యూపీఐలోకి వెళ్ళి తీసేశాను, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను.

కొనాలనుకుంటే ముందు ఒక్కటే అడగండి: అర్ధరాత్రి బాధతో రాస్తే మనిషి చూస్తాడా, ఎంతసేపట్లో? నీళ్ళు నమిలితే వదిలేయండి. ట్రయల్ ఇస్తే ఆ రోజుల్లోనే రాత్రిపూట మీరే పంపి చూడండి.

2022 అక్టోబరులో కేంద్రం పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. 24 గంటలూ, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. మొన్న బావగారి చేత బలవంతాన చేయించాను. అవతల ఎవరో అమ్మాయి "చెప్పండి బాబాయ్‌గారూ" అంది. నేను గట్టు దిగి దూరంగా నిలబడ్డాను. ఇరవై నిమిషాలు మాట్లాడారు.