కయాక్ గాలపు వేటకు నోవా వారి పోటుపాట్ల సేవ: మూడేళ్ల వాడకం తరువాత

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) మీద గాలపు వేటకు వెళ్లడం మొదలుపెట్టి నాకు మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో కొన్న రాడ్లు, రీళ్లు, నీటి అడుగును చూపించే సోనార్ తెర అన్నిటికీ అయిన ఖర్చును ఇంట్లో చెప్పుకోలేను గానీ, వాటన్నిటి కంటే నాకు ఎక్కువ చేపలను తెచ్చిపెట్టినది పైసా ఖర్చు లేని ఒక ప్రభుత్వ వెబ్‌సైటు. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ అయిన నోవా నిర్వహించే ‘టైడ్స్ అండ్ కరెంట్స్’ సేవ అది. ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ రమోన్ ప్రాంతాల్లో ఉంటూ వారాంతంలో గాలం పట్టుకొని నీటి మీదికి వెళ్లే తెలుగువారు కొందరు ఈ సేవను సగమే వాడుకుంటున్నారని నా అనుభవంలో తేలింది. ఆ మిగిలిన సగం గురించే ఈ సమీక్ష.

చాలామంది తెరిచేది ‘టైడ్స్’ పేజీ. దానిలో నీటి ఎత్తు ఏ వేళకు ఎన్ని అడుగులు ఉంటుందో గీతగానూ, పట్టికగానూ కనిపిస్తుంది. మొదటి ఏడు నేనూ అదే చూసి బయలుదేరేవాణ్ణి. నీరు బాగా ఎక్కి నిండుగా ఉన్న వేళ ప్రవాహం ఆగి ఉంటుందని, అప్పుడు తెడ్డు వేయడం తేలికని అనుకునేవాణ్ణి. ఒకరోజు ఏంజెల్ ఐలాండ్‌కూ టిబురాన్‌కూ మధ్యనున్న రకూన్ స్ట్రెయిట్ అనే ఇరుకు జలమార్గంలో, పట్టిక ప్రకారం నిండు పోటు వేళకు సరిగ్గా మధ్యకు చేరుకున్నాను. నీరు నిలబడి ఉండవలసిన ఆ సమయంలో కయాక్ పక్కకు కొట్టుకుపోతూనే ఉంది. ఎదురు తెడ్డు వేస్తే ఒడ్డున ఉన్న చెట్టు కదలకుండా అక్కడే కనిపించింది, అంటే నేను ముందుకు పోవడం లేదు. చివరికి అడ్డంగా తెడ్డు వేసి ద్వీపం నీడలోకి చేరి, అక్కడ ప్రవాహం తగ్గేదాకా కూర్చున్నాను. తప్పు పూర్తిగా నాది. పట్టిక చెప్పినది నీటి ఎత్తు గురించి; నేను దాని నుంచి నీటి వేగాన్ని ఊహించుకున్నాను.

ఈ కథ విన్న సహోద్యోగి ఒకాయన, ఉప్పాడ వైపు వాడు, నవ్వి ఊరుకోలేదు. “ఎత్తు చూసి ఏం లాభం అన్నా, నీళ్లు ఎటు లాగుతున్నాయో చూడాలి గానీ” అన్నాడు. ఆ సాయంత్రమే అదే వెబ్‌సైటులో ‘కరెంట్ ప్రిడిక్షన్స్’ పేజీ తెరిచాను.

నీరు ఎక్కడాన్ని పోటు అనీ, తీయడాన్ని పాటు అనీ మన తీరంలో అంటారు. ఎక్కడం ఆగిన క్షణానికీ, ప్రవాహం ఆగిన క్షణానికీ (దీనిని ఇక్కడి వేటగాళ్లు స్లాక్ అంటారు) మధ్య ఎంత తేడా ఉంటుందనేది చోటును బట్టి మారుతుంది. అఖాతం దక్షిణపు కొస మూసుకుపోయిన తొట్టె వంటిది కనుక అక్కడ ఆ రెండు క్షణాలు దాదాపు కలుస్తాయి. సముద్రం నుంచి అఖాతంలోకి తెరుచుకునే ఇరుకు ద్వారమైన గోల్డెన్ గేట్ దగ్గర అలా కాదు. అఖాతమంతా నిండవలసిన నీరు ఆ ఒక్క ద్వారం గుండానే పోవాలి కనుక, ద్వారం దగ్గర ఎత్తు తగ్గడం మొదలైన తరువాత కూడా నీరు లోపలికి పోతూనే ఉంటుంది. పెద్ద పాటు నడిచే రోజుల్లో అక్కడి వేగం ఐదు నాట్లు (ఒక నాటు అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) దాటుతుంది. సామాను నింపుకున్న వెడల్పాటి కయాక్‌ను మామూలు మనిషి గంటల తరబడి నడపగల వేగం రెండున్నర నాట్లకు మించదు కాబట్టి, అటువంటి రోజున అటువైపు వెళ్లడం గురించి ఆలోచించవలసిన పని కూడా లేదు.

ప్రవాహాల పేజీలో ఒక్కొక్క కేంద్రానికి (అంచనా ఇచ్చే ఒక్కో చోటును అలా అంటారు) స్లాక్ ఏ నిమిషానికో, పోటు ప్రవాహం గరిష్ఠంగా ఎన్ని నాట్లో, పాటు ప్రవాహం ఎన్ని నాట్లో వరుసగా ఇస్తారు. పాటు వేగాలకు ముందు మైనస్ గుర్తు ఉంటుంది. దానిని తక్కువ వేగమని చదివి మోసపోకూడదు. పైన ఆ ప్రవాహం ఏ దిక్కుకు పోతుందో డిగ్రీలలో రాసి ఉంటుంది. నాకు అన్నిటి కంటే పనికివచ్చినది ఆ దిక్కే. ఎందుకంటే హాలిబట్ వేట అంతా కయాక్‌ను నీటితో పాటు వదిలేసి, ఎరను నేలకు ఆనించి లాక్కుపోవడమే. మన నాలుక చేపలా బల్లపరుపుగా ఇసుకలో దాక్కొని ఉండే ఈ చేప ఎర తన ముందు నుంచి నెమ్మదిగా పోతేనే పైకి లేస్తుంది. అర నాటు నుంచి ఒక నాటు వరకు ఉన్న ప్రవాహం నాకు అచ్చివచ్చింది. అంతకు మించితే ఎర నేలను వదిలి పైకి తేలుతుంది, బరువు పెంచుకుంటూ పోవాలి; అంతకు తగ్గితే కయాక్ కదలదు, ఒకే ఇసుక మీద కూర్చున్నట్టు అవుతుంది. ముప్పావు నాటు వేగంతో గంటలో సుమారు 1400 మీటర్లు పోతామని లెక్క వేసుకుంటే, ఎక్కడ దిగి ఎక్కడ తేలాలో ముందు రోజు రాత్రే పటం మీద గీసుకోవచ్చు. పోయేటప్పుడు పాటుతో పోయి, స్లాక్ దాటాక పోటుతో తిరిగివచ్చేలా చూసుకుంటే తెడ్డు శ్రమ సగానికి సగం తగ్గుతుంది.

కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు లోతును కూడా గమనించాలి. కొన్ని చోట్ల ఒకే కేంద్రానికి రెండు మూడు లోతుల వద్ద వేరువేరు అంచనాలు ఇస్తారు. పెద్ద ఓడల కోసం ఉద్దేశించిన లోతు అంచనా కయాక్‌కు పనికిరాదు. పైపొరకు దగ్గరగా ఉన్నదానిని తీసుకోవాలి.

అంచనాలు ఎంతవరకు నమ్మదగినవి అనే ప్రశ్నకు సమాధానం కొంత చరిత్రలో ఉంది. గోల్డెన్ గేట్ దగ్గరి నీటిమట్టం కేంద్రం 1854 నుంచి ఎడతెగకుండా కొలతలు తీసుకుంటోంది; పశ్చిమార్ధగోళంలో ఇంతకాలం నిరంతరంగా నడిచిన కేంద్రం మరొకటి లేదు. చంద్రుడు, సూర్యుడు కలిగించే ఆటుపోట్లను 37 విడి అంశాలుగా విడగొట్టి మళ్లీ కలిపే పద్ధతి ఇక్కడ వాడుతారు. కంప్యూటర్లు రాకముందు ఈ కూడికలను ఇత్తడి చక్రాలతో కప్పీలతో చేసిన యంత్రం 1910 నుంచి 1965 వరకు పనిచేసింది. దానికి సిబ్బంది పెట్టిన ముద్దుపేరు ‘ఓల్డ్ బ్రాస్ బ్రెయిన్స్’. ఈ పద్ధతి ఖగోళ లెక్క కనుక వచ్చే ఏడాది డిసెంబరులో ఏ శనివారం ఎన్ని గంటలకు పోటు వస్తుందో ఇప్పుడే చెప్పగలదు. అయితే ఆ లెక్కలోకి గాలి రాదు, వాన రాదు, శాక్రమెంటో, శాన్ వాకీన్ నదుల వరద రాదు. శీతకాలపు వానల తరువాత అఖాతం ఉత్తర భాగంలో పాటు అంచనా కంటే బలంగా, ఎక్కువసేపు నడుస్తుంది.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. మన పంచాంగం తిథులు ఈ పనికి ఎంత బాగా పనికివస్తాయో అమెరికా మిత్రులకు చెప్పినప్పుడల్లా ఆశ్చర్యపోతారు. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య కోణమే కదా. అమావాస్య, పౌర్ణములలో ఇద్దరి లాగుడూ ఒకే గీత మీదికి వస్తుంది కనుక నీటి కదలిక ఎక్కువ; శుక్ల, కృష్ణ అష్టములలో లంబంగా నిలుస్తుంది కనుక తక్కువ. ఈ ప్రభావం నీటిలో కనబడటానికి సాధారణంగా ఒకటి రెండు రోజులు ఆలస్యం పడుతుంది. అందువల్ల గుడిలో ఇచ్చిన గోడ క్యాలెండరు చూసి, నవమి, దశమి పడిన శనివారాలకు సున్నా చుట్టుకుంటాను. అవి హాలిబట్ వేటకు నాకు నచ్చిన రోజులు: ప్రవాహం మెల్లగా ఉంటుంది, బురద లేవక నీరు తేటగా ఉంటుంది. తరువాతనే నోవా పేజీ తెరిచి గంటలు చూస్తాను. తిథి ఒక్కటే సరిపోదని కూడా చెప్పాలి. కాలిఫోర్నియా తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వచ్చినా అవి సమానంగా ఉండవు. పెద్ద పోటు తరువాత వచ్చేది పెద్ద పాటు, మరొకటి నీరసంగా పోతుంది. ఏ పాటు పొద్దున వస్తుందో, ఏది అర్ధరాత్రి వస్తుందో క్యాలెండరు చెప్పదు.

ఇక లోపాల విషయానికి వస్తే, మొదటిది గాలి. ప్రవాహాల పట్టికలో గాలి అంచనా ఉండదు. జాతీయ వాతావరణ విభాగం వారి సముద్ర సూచన వేరే తెరుచుకోవాలి. ఇది చిన్న విషయం కాదు. వేసవి మధ్యాహ్నాల్లో సముద్రం మీది నుంచి గోల్డెన్ గేట్ గుండా పడమటి గాలి జోరుగా లోపలికి వీస్తుంది. అదే వేళకు పాటు బయటికి పోతుంటే గాలీ నీరూ ఎదురుబడి, పొట్టిగా నిటారుగా అలలు లేస్తాయి. పట్టికలో ఒక నాటు అని ఉన్న ఆ నీరే పొద్దున ఏడింటికి అద్దంలా ఉండి, మూడింటికి కయాక్‌ను తిరగేసే స్థితికి వస్తుంది. ఈ రెండు సూచనలనూ పక్కపక్కన పెట్టి చూసుకోనివారు ఈ సేవను వాడకపోవడమే మేలనిపిస్తుంది.

రెండవది కేంద్రాల తేడా. కొన్ని కేంద్రాలకు పూర్తి లెక్క ఉంటుంది. మరికొన్నిటికి పెద్ద కేంద్రపు లెక్కకు కొన్ని నిమిషాలు కలిపి, తీసి, గరిష్ఠ కనిష్ఠాలు మాత్రమే ఇస్తారు. పేజీలో ఆ సంగతి రాసే ఉంటుంది గానీ కొత్తవారి కంటికి ఆనదు. పైగా కేంద్రం నుంచి అర మైలు దూరంలో ఒక కొండకొన అడ్డు ఉన్నా వేగం మారిపోతుంది, సుడులు తిరుగుతుంది. ఆ సుడుల అంచుల్లోనే స్ట్రైప్డ్ బాస్ చిన్న చేపలను కాచుకొని ఉంటుంది కనుక వేటగాడికి కావలసిన సమాచారం పట్టికకు అందని చోటే ఉంటుంది. దానికి నా నోట్‌బుక్ తప్ప మార్గం కనబడలేదు.

మూడవది కాలమానం. ఎంపికల్లో ప్రామాణిక కాలం, వేసవి సర్దుబాటుతో కూడిన కాలం, గ్రీనిచ్ కాలం ఉంటాయి. అచ్చు తీసుకునే ముందు ఏది ఎంచుకున్నామో ఒకసారి చూసుకోవాలి. ఒక గంట తేడా వస్తే స్లాక్ పోయి ప్రవాహం ఎదురవుతుంది.

ఈ లోపాల్లో గాలి, నదుల సంగతిని కొంతవరకు తీర్చేది అదే వెబ్‌సైటులో ఎవరూ తొంగిచూడని మరో విభాగం. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి 2014 నుంచి నడుస్తున్న కంప్యూటర్ నమూనా గాలినీ నదుల నీటినీ లెక్కలోకి తీసుకొని, రాబోయే 48 గంటలకు ప్రవాహాలను బాణం గుర్తులతో పటం మీద చూపిస్తుంది. శుక్రవారం రాత్రి నేను చివరగా చూసేది దీనినే. పట్టిక, పటం ఒకే మాట చెబితే వెళతాను. రెండింటికీ పొంతన లేకపోతే ఒడ్డుకు దగ్గరగా ఉండే చోటు చూసుకుంటాను.

ఎత్తు పట్టిక పనికిరాదని నా ఉద్దేశం కాదు. కయాక్‌ను నీటిలోకి దింపే చోటికి అదే ప్రాణం. అలమేడాలోని క్రౌన్ బీచ్ వంటి పల్లపు తీరాల్లో నీరు బాగా తీసిన వేళకు బురద మేట చాలా దూరం బయటపడుతుంది. పొద్దున తేలికగా దిగి, మధ్యాహ్నం వచ్చేసరికి ముప్పై కిలోల కయాక్‌ను మోకాలి లోతు బురదలో ఈడ్చుకోవలసి వస్తుంది. సముద్రపటంలోని లోతులు కూడా పట్టికలోని సున్నా మట్టం నుంచే కొలిచినవి కనుక, పటం లోతుకు ఆ వేళ ఎత్తును కలిపితే అప్పటి అసలు లోతు వస్తుంది. మైనస్ ఎత్తు అని ఉంటే తీసివేయాలి.

డబ్బు తీసుకునే మొబైల్ యాప్‌లు కూడా మూడు నాలుగు వాడి చూశాను. నేను చూసినవాటిలో లోపలి అంకెలు నోవావే. పైన రంగులు, గంటలు మోగించే సదుపాయం అదనం. ఒకటి మాత్రం ‘చేపలు బాగా పడే వేళ’ అంటూ నక్షత్రాలు ఇస్తుంది. ఐదు నక్షత్రాల రోజున ఖాళీ చేతులతో వచ్చాక దానిని తీసివేశాను.

ఆంధ్ర తీరంలోని పాఠకులకు ఈ సేవ నేరుగా పనికిరాదు, పద్ధతి కొంత పనికివస్తుంది. విశాఖ దగ్గర పోటుపాట్ల తేడా రెండు మీటర్ల లోపే ఉంటుంది. అక్కడ తీరం వెంట ఋతువును బట్టి దిక్కు మార్చుకునే ప్రవాహాన్ని ఎక్కువగా చూసుకోవాలి. అది వేసవికి ముందు నుంచి ఉత్తరంగానూ, అక్టోబరు తరువాత దక్షిణంగానూ నడుస్తుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలలు, ప్రవాహాల సూచనలను ఉచితంగానే ఇస్తోంది. గోదావరి పాయల ముఖద్వారాల్లో మాత్రం పాటు లాగుడు ఇక్కడి రకూన్ స్ట్రెయిట్‌ను గుర్తుచేస్తుందని ఉప్పాడ మిత్రుడి మాట.

అతనిని వెంటబెట్టుకొని వచ్చే దశమి శనివారం బర్కిలీ ఒడ్డు నుంచి దిగుతున్నాము. ఇరవై రెండు అంగుళాల కంటే పొట్టి హాలిబట్‌ను తిరిగి నీటిలో వదలాలి కాబట్టి కొలబద్ద కయాక్ పక్కకు అతికించి ఉంచాను. పాటు చివరి గంటలో దిగుతాము, స్లాక్‌లో ఎర మార్చుకుంటాము, పోటు మొదలవగానే దానితో పాటు ఒడ్డు వైపు తేలుతాము, పడమటి గాలి లేచేలోగా కార్ల దగ్గర ఉంటాము.