ట్రోలింగ్ రాడ్ సొంతంగా కట్టుకుంటే ఏది మేలు: గ్లాసా, గ్రాఫైటా?

ట్రోలింగ్ అంటే కదిలే పడవ వెనక ఎరలు లాగుతూ చేపలు పట్టడం. అమెరికాలోని మిషిగన్ సరస్సు మీద ఇలా సాల్మన్ చేపల కోసం వెళ్లే పడవలో రాడ్ (గాలపు కర్ర) చాలాసేపు మన చేతిలో ఉండదు. పడవ గంటకు రెండు, రెండున్నర మైళ్ల వేగంతో నెమ్మదిగా పోతుంటుంది, వెనక ఎరలు ఈదుకుంటూ వస్తుంటాయి, రాడ్లు హోల్డర్లలో నిలబడి ఉంటాయి. చేప పడ్డాకే రాడ్ చేతికొస్తుంది. బ్లాంక్ కొనేముందు ఈ సంగతి గుర్తుంటే చాలు, డబ్బు ఎక్కడ పెట్టాలో ఎక్కడ ఆపాలో తెలిసిపోతుంది. నాకు ఒక రాడ్ విరిగాక తెలిసింది.

బ్లాంక్ అంటే గైడ్లు (దారం పోయే రింగులు), పిడి ఏవీ లేని ఉత్త కర్ర. అది గ్లాస్‌ది, అంటే ఫైబర్‌గ్లాస్‌ది కావచ్చు, గ్రాఫైట్‌ది, అంటే కార్బన్ పీచుది కావచ్చు. గ్రాఫైట్ బ్లాంక్ తేలిగ్గా ఉంటుంది, ఎరను చిన్న చేప ముట్టినా చేతికి తెలుస్తుంది. ఒడ్డు మీద నిలబడి రోజంతా ఎర విసిరేవాళ్లకు అంతకంటే ఏం కావాలి? అదే అలవాటులో నా మొదటి ట్రోలింగ్ రాడ్‌కి కూడా గ్రాఫైటే తీసుకున్నాను, అదీ కొస మాత్రమే వంగే రకం. దాన్ని డౌన్‌రిగ్గర్ మీద పెట్టాను.

డౌన్‌రిగ్గర్‌లో 10, 12 పౌండ్ల సీసపు గుండు ఎరను లోతుకు తీసుకెళ్తుంది. మన దారం ఆ గుండు దగ్గర ఒక క్లిప్‌లో ఉంటుంది. పైన రాడ్‌ను విల్లులా వంచి దారం బిగించి ఉంచుతాం. చేప కొట్టగానే క్లిప్ వదిలేస్తుంది. ఆ క్షణంలో దారం వదులవుతుంది, ఆ వదులంతా రాడ్ పైకి లేస్తూ లాగేసుకోవాలి. కొస మాత్రమే వంగిన రాడ్ ఎంత లాగుతుంది? జానెడో మూరెడో. మధ్య దాకా వంగిన గ్లాస్ రాడ్ అయితే ఒక్కసారిగా పైకి లేచి గాలాన్ని చేప నోట్లో దించేస్తుంది. ఆ సీజన్‌లో క్లిప్ వదలడం, నేను పరిగెత్తి రాడ్ అందుకోవడం, అవతల ఏమీ లేకపోవడం చాలాసార్లు జరిగాయి.

విరిగిన కథ ఇంకా చిన్నది. గుండు పైకి తీస్తుంటే ఊగి వచ్చి రాడ్‌కి తగిలింది. గీత కూడా కనబడలేదు. తర్వాతి ట్రిప్‌లో మంచి చేప పడ్డప్పుడు సరిగ్గా అక్కడే టప్పున విరిగింది. గ్రాఫైట్‌తో ఉన్న చిక్కు ఇదే, దెబ్బ లోపల దాచుకుంటుంది. గ్లాస్ బరువు ఎక్కువే కానీ ఇలాంటి దెబ్బలకు చాలా మేలు. పైగా ఆ బరువు మోసేది హోల్డర్. గోదావరి గట్టున వెదురు గాలపు కర్రతో కూర్చునేవాళ్లకు ఇది వివరించక్కర్లేదు, కర్ర వంగే కొద్దీ చేప అలుస్తుందని వాళ్లకు తెలుసు. మిషిగన్ సరస్సులోని చినూక్ సాల్మన్ తేలిగ్గా అలిసే చేప కాదు. ఎల్‌వైఫ్ అనే చిన్న చేపలు విపరీతంగా పెరిగిపోతే, వాటిని తినడానికని 1967లో పసిఫిక్ జాతి చినూక్‌ను ఈ సరస్సులో వదిలారు. 15 పౌండ్ల చేప ఒక్క పరుగు తీసిందంటే రీల్ మీద దారం కరిగిపోతుంటుంది.

అందుకే డౌన్‌రిగ్గర్‌కి నా ఓటు ఎనిమిదిన్నర అడుగుల గ్లాస్ బ్లాంక్‌కే. డైవర్ రాడ్ విషయంలో మాత్రం మాట మారుస్తాను. ఎరను లోతుకు దించే డైవర్ అనే ప్లాస్టిక్ పళ్లెం నీళ్లలో చాలా గట్టిగా లాగుతుంది. మెత్తటి గ్లాస్ ఆ లాగుడుకే పూర్తిగా వంగిపోతే చేప పడ్డప్పుడు ఇంక వంగడానికేం మిగలదు. దానికి గ్లాస్, గ్రాఫైట్ కలిపిన కాంపోజిట్ మంచిది, తొమ్మిది నుంచి పది అడుగులు. అక్కడ అల్లిన దారం వాడతాం, అది సాగదు కాబట్టి రాడ్‌లో కొంచెం మెత్తదనం ఉండి తీరాలి.

మిగిలిన డబ్బు గైడ్లకు పెట్టండి. రోలర్ గైడ్లు చూడ్డానికి బాగుంటాయి, సముద్రంలో పెద్ద మార్లిన్ చేపలకు సరే. సాల్మన్‌కి రెండు కాళ్ల రింగు గైడ్లు చాలు. రోలర్లను కడగాలి, నూనె వేయాలి, లేకపోతే బిగుసుకుంటాయి. రింగుల్లో సిలికాన్ కార్బైడ్ గట్టిది, ఖరీదూ ఎక్కువ. మామూలు నైలాన్ దారానికి అల్యూమినియం ఆక్సైడ్ సరిపోతుంది. స్టీల్ తీగ వాడే రాడ్ అయితే కొసన రోలర్ గానీ, స్ప్రింగ్ లాంటి టిప్ గానీ పెట్టాల్సిందే, లేకపోతే తీగ గాడి కోసేస్తుంది. లెడ్‌కోర్‌కి (లోపల సీసపు తీగ ఉన్న దారానికి) పెద్ద రింగులు తీసుకోండి, ముడులు తట్టుకోకుండా పోవాలి.

గైడ్ల మధ్య దూరానికి అచ్చు పట్టికల మీద ఆధారపడను. గైడ్లను టేపుతో తాత్కాలికంగా అంటించి, దారం ఎక్కించి, కొసకు నీళ్ల బాటిల్ వేలాడదీస్తాను. రాడ్ వంగినప్పుడు దారం ఎక్కడ బ్లాంక్‌ను రాసుకుంటుందో పక్కనుంచి చూస్తాను. రాసుకున్న చోటికి ఒక గైడ్‌ను జరుపుతాను, లేదా ఇంకొకటి కలుపుతాను. అరగంట పని, దీన్ని మాత్రం ఎప్పుడూ దాటవేయను.

పిడికి కార్క్ కంటే ఈవీఏ ఫోమ్ మేలు. హోల్డర్‌లో రోజంతా రాసుకుంటే కార్క్ పెచ్చులు ఊడుతుంది. వెనక పిడి పొడవును మీ పడవలోని హోల్డర్‌తోనే కొలవండి. దుకాణంలో కొన్న రాడ్లతో నాకు ఎప్పుడూ అక్కడే పేచీ, రీల్ వెళ్లి హోల్డర్ అంచుకు తగిలేది.

రీల్ సీట్‌కి, అంటే రీల్ బిగించే చోటికి, గ్రాఫైట్ రకం చాలు. దానికీ బ్లాంక్‌కీ మధ్య ఉండే ఖాళీని నింపడంలో మాత్రం తొందరపడొద్దు. ఒకసారి మాస్కింగ్ టేపు చుట్టలు వేసి, మధ్యలో జిగురు సరిగా నింపకుండా వదిలేశాను. చేపతో పోరాడుతుండగా రీల్ సీట్ బ్లాంక్ చుట్టూ తిరిగిపోయింది. గైడ్లు ఒకవైపు, రీల్ ఇంకోవైపు! ఇప్పుడు ఆ ఖాళీలో గట్టి ఫోమ్ ఆర్బర్లు (బ్లాంక్‌కి తొడిగే రింగులు) వేసి, రెండు భాగాల ఎపాక్సీ జిగురును సమానంగా కొలిచి కలిపి, ఖాళీ లేకుండా నింపి, రాత్రంతా ముట్టుకోకుండా వదిలేస్తున్నాను.